కెమెరా చూపిస్తే కూపన్: ఆ ఆలోచనకు పేటెంట్ అడగకండి

ప్రశ్న: "ఫోను కెమెరాను ఒక వస్తువు వైపు తిప్పితే అదేమిటో గుర్తించి, దాని మీద ఉన్న డిజిటల్ కూపన్ చూపించి, అక్కడికక్కడే డబ్బు చెల్లించే వీలు కల్పించే యాప్ తయారు చేస్తున్నాను. దీనికి పేటెంట్ తీసుకోవాలా? అమెరికాలో ఇలాంటి పేటెంట్లు చాలా ఉన్నాయంటున్నారు. భయపడాలా?"

నేను న్యాయవాదిని కాను. సరిగ్గా ఇలాంటి యాప్‌నే కట్టి, ఒక్క ఉత్తరం దెబ్బకు అది మూతపడడం దగ్గరుండి చూసిన ప్రోగ్రామర్‌ని. అందుకే నా జవాబు నిక్కచ్చిగా ఉంటుంది. కెమెరా చూపిస్తే కూపన్ వస్తుందన్న ఆలోచన మీద హక్కు ఎవరికీ ఉండకూడదు. అమెరికా కంపెనీకి ఉండకూడదు, మీకూ ఉండకూడదు. ఆ వస్తువును మీ ప్రోగ్రాం పోల్చుకునే తీరులో ఇంతవరకు ఎవరూ చేయని పని ఏదైనా ఉంటే, అప్పుడు పేటెంట్ మాట ఎత్తుదాం.

2012 ప్రాంతంలో హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. మా క్లయింటు అమెరికాలో కిరాణా సరుకుల కూపన్లు పంచే సంస్థ. అక్కడ ఆదివారం పత్రికలతో పాటు కూపన్ల కాగితాలు వస్తాయి. జనం కత్తిరించి దాచుకుని, దుకాణంలో ఇచ్చి ధర తగ్గించుకుంటారు. ఆ కాగితాన్ని ఫోనులోకి తేవాలన్నది వాళ్ల కోరిక. బార్‌కోడ్ మాత్రం వద్దన్నారు. అది పెట్టె వెనక ఎక్కడో ఉంటుంది, గోడ మీది పోస్టరులోనో పత్రికలోని ప్రకటనలోనో అసలే ఉండదు. పెట్టె ముఖం చూసి యాప్ దాన్ని పోల్చుకోవాలి.

అప్పట్లో ఈ పనికి అందరూ చెప్పే పద్ధతి సిఫ్ట్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లో 1999లో ప్రకటించిన పద్ధతి అది. బొమ్మలో ప్రత్యేకంగా కనిపించే బిందువులను వెతికి, ఒక్కొక్క బిందువు చుట్టూ ఉన్న వెలుగునీడల తీరును అంకెల్లో రాసుకుంటుంది. బొమ్మ చిన్నదైనా, పెద్దదైనా, పక్కకు తిరిగినా ఆ అంకెలు పెద్దగా మారవు. దాని మీద ఆ విశ్వవిద్యాలయానికి 2004లో అమెరికా పేటెంట్ వచ్చింది. వ్యాపారానికి వాడుకోవాలంటే లైసెన్సు కావాలి. క్లయింటు ఆ ఖర్చు పెట్టనన్నాడు. అప్పటికి ఏడాది ముందే, 2011లో, అలాంటి పనే చేసే ఆర్బ్ అన్న పద్ధతి ఉచితంగా అందుబాటులోకి వచ్చింది. మేము దానికి మారాం.

సిఫ్ట్ పేటెంట్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ పద్ధతిని ఎలా నడపాలో అడుగడుగునా వివరంగా రాశారు. చదివిన వాడు ఇంట్లో కూర్చుని మళ్లీ చేయగలడు. వేరే దారి వెతుక్కున్న మాలాంటి వాళ్లను అది ఆపలేదు కూడా. 2020 మార్చిలో దాని గడువు తీరింది. కొద్ది నెలలకే అది ఓపెన్‌సీవీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రధాన భాగంలో చేరి అందరి సొత్తయింది. కొత్త పద్ధతి కనిపెట్టిన వారికి కొంతకాలం హక్కు, ఆ తరవాత లోకానికి ఆ జ్ఞానం. పేటెంట్ చట్టం పుట్టింది ఈ ఒప్పందం కోసమే.

ఇక మా యాప్ సంగతి. మా ఆఫీసు వెనక సందులో ఒక కిరాణా కొట్టు ఉండేది. అమెరికా సరుకులు మా దగ్గర కొన్నే ఉండడంతో, పద్ధతి పనిచేస్తోందో లేదో చూడడానికి అక్కడి సబ్బులు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు ఫొటోలు తీసేవాళ్లం. కొట్టు నడిపే పెద్దాయన మొదట మమ్మల్ని తూనికలు, కొలతల శాఖ వాళ్లనుకున్నాడు. బిల్లు పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, "ముద్రించిన ధరకు మించి పైసా తీసుకోను బాబూ, ఈ సందులో ఎవరినైనా అడగండి" అన్నాడు. సంగతి చెప్పాక స్టూలు జరిపి కూర్చోమన్నాడు.

అక్కడ మాకు ఒక చిక్కు వచ్చిపడింది. ఒకే కంపెనీ సబ్బులో గులాబీ రకానికీ మల్లె రకానికీ మా యాప్ తేడా చెప్పలేకపోయింది. ఆర్బ్ రంగులను చూడదు, నలుపు తెలుపుల్లో వెలుగునీడలనే చూస్తుంది. రెండు పెట్టెల మీదా అక్షరాలు ఒకటే, బొమ్మ ఒకటే, రంగే వేరు. కూపన్ ఉన్నదేమో ఒక రకానికే. ఇంకో రకానికి ఇచ్చేస్తే దుకాణదారుడికి ఆ డబ్బు తిరిగి రాదు. మా అవస్థ విని పెద్దాయన అన్నాడు: "నేను పేరు చదివి తీస్తాననుకున్నారా? ముందు రంగు చూస్తాను, తరవాత సైజు. పేరు చూసేది బిల్లు రాసేటప్పుడే." మర్నాడే మా ప్రోగ్రాంను తిరగరాశాం. ముందు రంగుల పాళ్లతో వడపోసి, మిగిలిన కొన్నిటి మీదే ఆర్బ్ నడిపాం. పని కుదిరింది, వేగమూ పెరిగింది. ప్లాస్టిక్ ప్యాకెట్ల మీద ట్యూబులైటు మెరుపు పడి అక్షరాలు మాయమయ్యే ఇబ్బందికి కూడా జవాబు ఆయన చేతిలోనే దొరికింది. ప్యాకెట్‌ను బొటనవేలితో కొంచెం వంచి చూసేవాడు. "కాస్త వంచి పట్టుకోండి" అన్న సూచన యాప్‌లో అలా వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ రంగంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. మెరుపు, రంగు, నలిగిన కవరు, చేతివేళ్లు సగం కప్పేసిన పెట్టె, బలహీనమైన నెట్‌వర్కు. వీటితో కుస్తీ పట్టిన వాడే ఏదైనా కనిపెడతాడు.

అమెరికాలో కొద్ది దుకాణాల్లో యాప్ మొదలైన కొత్తలోనే క్లయింటుకు ఉత్తరం వచ్చింది. పంపినది ఏ వస్తువూ తయారు చేయకుండా పేటెంట్లు కొని దగ్గర పెట్టుకునే సంస్థ. పేరు చెప్పను. ఆ రాత్రి ఫోన్ సమావేశంలో క్లయింటు తరఫు న్యాయవాది ఆ పేటెంట్‌లోని మొదటి క్లెయిమ్‌ను, అంటే ఇది మాది అని హక్కు చెప్పుకునే వాక్యాన్ని, చదివి వినిపించాడు. సారాంశం ఇది: చేతిలో పట్టే పరికరంతో వస్తువు చిత్రాన్ని తీయడం, ఆ చిత్రాన్ని దూరాన ఉన్న కంప్యూటరుకు పంపడం, వస్తువును గుర్తించడం, దానికి సంబంధించిన రాయితీని లేదా చెల్లింపు వివరాన్ని పరికరానికి తిరిగి పంపడం. అంతే. మా బృందంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి అడిగింది: "గుర్తించడం ఎలాగో ఎక్కడ రాశారండీ?" అవతల పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. చివరికి చెప్పాడు: ఒక బొమ్మలో చతురస్రం గీసి, దాని మీద గుర్తింపు విభాగం అని రాశారట. ఆ చతురస్రంలోకి ఒక బాణం, బయటికి ఒక బాణం.

మేము నెలల తరబడి తలలు పగలగొట్టుకున్న పని మొత్తం వాళ్లకు ఒక ఖాళీ చతురస్రం. ఆ చతురస్రాన్ని నింపిన వాళ్లం మేము, హక్కు మాత్రం దాన్ని గీసిన వాళ్లది. నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

కోర్టుకు వెళితే గెలిచే అవకాశం బాగానే ఉందని ఆ న్యాయవాదే అన్నాడు. గెలవడానికయ్యే ఖర్చు మాత్రం వాళ్లు అడిగిన సొమ్ముకు ఎన్నో రెట్లు. క్లయింటు రాజీ చేసుకున్నాడు. కొద్ది కాలానికే ప్రాజెక్టు ఎత్తేశాడు. రంగుల వడపోత ఆ కోడ్‌లోనే ఉండిపోయింది, ఎవరికీ పనికి రాలేదు.

నా చిన్నప్పుడు మా ఇంట్లో టీ పొడి ఖాళీ ప్యాకెట్లు దాచేవారు. అమ్మ వాటిని కొట్టుకు తీసుకెళితే, దుకాణదారుడు చూసి, ఫలానా రకమేనని నిర్ధారించుకుని, స్టీలు చెంచానో గిన్నెనో ఇచ్చేవాడు. వస్తువును చూడడం, గుర్తించడం, రాయితీ ఇవ్వడం, ఈ మూడూ అందులో ఉన్నాయి. ఆయన కంటి చోట కెమెరాను, జ్ఞాపకం చోట సర్వరును పెట్టినంత మాత్రాన అది కొత్త ఆవిష్కరణ ఎలా అవుతుంది?

2014 జూన్ 19న అమెరికా సుప్రీంకోర్టు దాదాపు ఇదే మాట చెప్పింది. ఆలిస్ కార్పొరేషన్, సీఎల్ఎస్ బ్యాంకుల మధ్య నడిచిన కేసు అది. పాతకాలపు ఆర్థిక లావాదేవీ పద్ధతిని మామూలు కంప్యూటరు మీద నడిపితే పేటెంట్ రాదని న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా తేల్చారు. ఆ తీర్పు కొంచెం ముందు వచ్చి ఉంటే మా క్లయింటు రాజీ పడేవాడే కాదు. ఇందులో నాకు రవ్వంత సందేహం లేదు.

ఈ బెడద మాతో మొదలైంది కాదు. జెరోమ్ లెమెల్సన్ అనే ఆయన 1954, 1956లలో దాఖలు చేసిన దరఖాస్తులను కొత్త కొత్త రూపాల్లో దశాబ్దాల పాటు సాగదీసి, యంత్రదృష్టి (కెమెరాతో యంత్రం వస్తువును చూసి పోల్చుకోవడం) మీదా బార్‌కోడ్ చదవడం మీదా హక్కులు చెప్పుకున్నారు. అప్పటి చట్టంలో గడువును పేటెంట్ మంజూరైన రోజు నుంచి లెక్కపెట్టేవారు కాబట్టి, ఎంత ఆలస్యమైతే అంత లాభం. ఈలోగా పరిశ్రమ పెరుగుతుంది, పెరిగాక అందరి దగ్గరా వసూలు చేయవచ్చు. ఎన్నో పెద్ద కంపెనీలు కిమ్మనకుండా కట్టాయి. చివరికి బార్‌కోడ్ స్కానర్లు చేసే సింబల్ టెక్నాలజీస్, కెమెరా యంత్రాలు చేసే కాగ్నెక్స్ లాంటి సంస్థలు ఎదురు తిరిగాయి. అకారణమైన ఆ జాప్యం వల్లే పేటెంట్లు చెల్లవని 2004లో నెవాడా కోర్టు చెప్పింది, 2005లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పటికి లెమెల్సన్ చనిపోయి ఎనిమిదేళ్లు. కట్టిన వాళ్ల డబ్బు కట్టినట్టే పోయింది.

చెల్లింపుల వైపు చూస్తే, ఫోనుతో చెక్కు ఫొటో తీసి ఖాతాలో జమ చేసే పద్ధతి మీద యూఎస్ఏఏ అనే సంస్థ వెల్స్ ఫార్గో బ్యాంకు మీద దావా వేసింది. 2019 నవంబరులో టెక్సాస్‌లోని జ్యూరీ 20 కోట్ల డాలర్లు కట్టమంది. అదే యూఎస్ఏఏ పీఎన్‌సీ బ్యాంకు మీద వేసిన కేసులో, చెక్కు జమకు సంబంధించిన దాని పేటెంట్ కేవలం ఒక అమూర్త ఆలోచనేనని 2025 జూన్‌లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. ఒకే రకమైన హక్కుకు ఒకచోట కోట్ల డాలర్లు, ఇంకోచోట సున్నా. ఇలాంటి అనిశ్చితిలో చిన్న కంపెనీ ఏ ధైర్యంతో నిలబడుతుంది? ఎదుటివాడి బలం పేటెంట్‌లో లేదు, మన భయంలో ఉంది.

ఇప్పుడు దీనికి పూర్తి విరుద్ధమైన దారి చూడండి. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థకు చెందిన మసాహిరో హారా బృందం క్యూఆర్ కోడ్‌ను తయారు చేసింది. కారు విడిభాగాల లెక్క కోసం చేసిన పని అది. పేటెంట్ తీసుకున్నారు. ప్రమాణాలకు కట్టుబడి వాడుకునే వారి మీద మాత్రం ఆ హక్కును ప్రయోగించబోమని ప్రకటించారు. ఆ ఒక్క నిర్ణయమే ఇవాళ మన వీధి చివరి టీ బండి దాకా వచ్చింది. బార్‌కోడ్ కథా అలాంటిదే. ఉడ్‌ల్యాండ్, సిల్వర్‌లకు 1952లో వచ్చిన పేటెంట్ గడువు 1969లో తీరింది. ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, సూపర్‌మార్కెట్ కౌంటరులో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కానర్ మొదటిసారి చదివింది 1974 జూన్ 26న. తాళం తీశాకే ఇలాంటివి జనంలోకి వస్తాయని నా గట్టి నమ్మకం.

మన దేశంలోనే చూడండి. 2016లో యూపీఐ వచ్చింది. మొదట్లో ఒక్కో చెల్లింపుల కంపెనీది ఒక్కో క్యూఆర్, కొట్టు బల్ల మీద మూడు నాలుగు అట్టలు. 2020 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇకపై ఎవరూ సొంత క్యూఆర్ కోడ్‌లు కొత్తగా ప్రవేశపెట్టకూడదంది. ఉన్నవాళ్లు 2022 మార్చి 31 లోగా అందరి యాప్‌లకూ పనిచేసే కోడ్‌కు మారాలంది. 2023 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో 1,000 కోట్లు దాటాయి. కూపన్ల విషయంలోనూ 2021 ఆగస్టు 2న ఈ-రూపీ మొదలైంది. ఫలానా పనికే వాడగలిగే వోచరు క్యూఆర్‌గానో ఎస్సెమ్మెస్‌గానో ఫోనుకు వస్తుంది, కార్డు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. ఇక కెమెరాతో వస్తువును గుర్తించడం గురించి అంటారా, రిజర్వు బ్యాంకే 2020 జనవరి 1న మణి అనే యాప్‌ను ఉచితంగా ఇచ్చింది. చూపు లేని వారు నోటును కెమెరా ముందు పట్టుకుంటే ఎన్ని రూపాయలదో చెబుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా చెబుతుంది. ఆ పనికి ఎవరో కప్పం అడిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మన చట్టం ఈ విషయంలో అమెరికా కన్నా ముందే తెలివిగా ఉంది. పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాం, అల్గారిథం ఆవిష్కరణలు కావు. 2004 చివర్లో ఆర్డినెన్సు ద్వారా దీన్ని సడలించబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. సాంకేతికంగా నిజమైన మేలు చేకూర్చే ప్రోగ్రాంలకు దారి ఉందని 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. వ్యాపార పద్ధతికి మాత్రం తలుపు పూర్తిగా మూసే ఉంది. 2023 మేలో ఓపెన్‌టీవీ అనే సంస్థ డిజిటల్ కానుకలు పంపే పద్ధతికి పేటెంట్ అడిగితే, అది వ్యాపార పద్ధతేనని అదే కోర్టు నిరాకరించింది. మీ కూపన్ ఆలోచనకు ఇంత దగ్గరి కేసు ఇంకొకటి నాకు తెలియదు. ఈ సెక్షన్‌ను సడలించాలని ఇప్పుడు మళ్లీ అంటున్న వారు ఒక్కసారి మాదాపూర్‌లో చిన్న కంపెనీ నడుపుతున్న వారితో మాట్లాడాలి.

మన ఇంజినీరింగ్ కళాశాలల గురించి కూడా చెప్పాలి. జాతీయ ర్యాంకుల లెక్కలో పేటెంట్లకు మార్కులున్నాయి కాబట్టి, ఆచార్యుల చేత ఏదో ఒక దరఖాస్తు పెట్టిస్తున్నారు. "యంత్రాభ్యాసంతో వస్తువును గుర్తించే తెలివైన వ్యవస్థ" లాంటి పేర్లతో కుప్పలు పడుతున్నాయి. తెరిచి చూస్తే అదే ఖాళీ చతురస్రం, అవే బాణాలు. పిల్లల చేత నిజమైన ప్రయోగం చేయించాల్సిన సమయం ఆ కాగితాల మీద వృథా అవుతోంది. తెలివైన విద్యార్థులు ఆ అలవాటుతోనే ఉద్యోగాలకు వస్తున్నారు. ఇంటర్వ్యూలలో చూస్తున్నాను, బాధేస్తోంది.

మీ సంగతికి వస్తాను. భయపడకండి. ఫోనుల్లో కెమెరాలు అప్పుడే వస్తున్న రోజుల్లో, అంటే 2000 ప్రాంతంలో, దాఖలైన మూల పేటెంట్ల ఇరవై ఏళ్ల గడువు తీరిపోయింది. వాటిలో ఉన్నది ఇప్పుడు అందరిదీ. పైగా అదే విషయాన్ని కొత్తగా తమదనేవారి మీద అవే సాక్ష్యం. మన పేటెంట్ కార్యాలయం వారి ఇన్‌పాస్‌లోనూ గూగుల్ పేటెంట్స్‌లోనూ ఉచితంగా వెతకవచ్చు. వివరణలు చదివి బెంబేలెత్తకండి, చివర ఉండే క్లెయిములే హక్కు. అందులోని ప్రతి అంశం మీ యాప్‌లో ఉంటేనే చిక్కు, ఒక్కటి లేకపోయినా నేరుగా ఉల్లంఘన అనలేరు. మీ రంగంలో ఎవరైనా ఇక్కడ అన్యాయమైన దరఖాస్తు పెడితే, అది ప్రచురితమయ్యాక, మంజూరు కాకముందే సెక్షన్ 25(1) కింద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. మీరే చెప్పవచ్చు.

గుర్తింపు పద్ధతిలో మీరు నిజంగా కొత్త పని చేసి ఉంటే, ప్రదర్శనల్లోనూ వీడియోల్లోనూ చూపించకముందే తాత్కాలిక దరఖాస్తు వేయండి. వ్యక్తులకూ అంకుర సంస్థలకూ ఆన్‌లైన్ రుసుము 1,600 రూపాయలు. పూర్తి వివరాలు ఇవ్వడానికి ఏడాది గడువు ఉంటుంది. ముందుగా అమెరికాలో వేద్దామనుకుంటే ఆగండి. భారతదేశంలో ఉండేవారు సెక్షన్ 39 కింద ముందు అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి. కూపన్, చెల్లింపు భాగాన్ని మాత్రం బహిరంగంగా తేదీతో సహా రాసి పెట్టేయండి. రేపు ఎవరూ అది తమదని మీ గొంతు మీద కూర్చోలేరు.

ప్రశ్నలో మీరు ఒక ముఖ్యమైన సంగతి రాయలేదు. గుర్తింపు ఫోనులోనే జరుగుతోందా, ఫొటోను సర్వరుకు పంపుతున్నారా? పాత క్లెయిములు చాలావరకు దూరాన ఉన్న కంప్యూటరు చుట్టూ అల్లినవే. ఫోనులోనే జరుగుతుంటే వాటిలో సగం మీ జోలికి రావు. ఒకే రకం ప్యాకెట్లలో రంగు తేడాను ఎలా పట్టుకుంటున్నారో కూడా వ్యాఖ్యలో రాయండి. ఏ క్లెయిములు చదవాలో చెబుతాను.